నాచారం పెరట్లో డెన్మార్కు కథ

వంకాయ కూరైనా, పప్పుచారైనా, మజ్జిగపులుసైనా పోపులో రెండు రెబ్బల కరివేపాకు పడకపోతే మనకి వంట పూర్తయినట్టుండదు. తీరా కంచాల ముందు కూర్చున్నాక ఇంటిల్లిపాదీ చేసే మొదటి పని దాన్ని ఏరి పక్కన పెట్టటం! అవసరం ఉన్నంతసేపు వాడుకుని ఆనక తీసి అవతల పారేసిన మనిషిని ‘కూరలో కరివేపాకు’ అనటం అందుకే వచ్చింది. ఈ కరివేపాకుకీ, ఎక్కడో ఉత్తరాన చలిదేశమైన డెన్మార్కు రాజుగారి కొలువుకీ చుట్టరికం ఉందంటే మీరు నమ్ముతారా? నేనూ నమ్మలేదు. మా పెరట్లో చెట్టు కొట్టెయ్యాలన్న మాట వచ్చిన రోజుల్లో ఆ కథంతా బయటపడింది. మీకూ చెబుతాను, కాస్త తీరిక చేసుకుని వినండి.

ముందు మా వైపు సంగతి. వరంగల్ వైపు నుంచి బస్సులో వస్తే హైదరాబాదులో మీకు మొదట ఎదురయ్యే పెద్ద కూడలి ఉప్పల్. యాదగిరిగుట్ట బస్సుల కోసం జనం మూటలూ, పిల్లలతో నిలబడే చౌరస్తా అదే. 2017 నవంబరు నుంచి ఆ చౌరస్తా నెత్తిమీద మెట్రో రైలు కూడా తిరుగుతోంది. ఉప్పల్ దాటితే క్రికెట్ స్టేడియం, తర్వాత భూగర్భాన్ని పరిశోధించే ఎన్.జి.ఆర్.ఐ., ఆ తర్వాత హబ్సిగూడ. అక్కడ తార్నాక వెళ్లే రోడ్డు వదిలేసి కుడివైపు తిరిగితే వచ్చేదే మా నాచారం. నరసింహస్వామి గుట్ట ఉన్న నాచారం అనుకుని మా ఇంటికి వచ్చిన బంధువులు ఒకరిద్దరున్నారు. ఆ నాచారం సిద్దిపేట జిల్లాలోది. మాది ఫ్యాక్టరీల నాచారం, ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి నాచారం, ఎన్.టి.రామారావు గారు రామకృష్ణా స్టూడియో కట్టుకున్న నాచారం. రాజులన్నా, రాణులన్నా, అంతఃపుర కుట్రలన్నా మా వీధిలో పాతకాపులకి అట్టముక్కల కోటలూ, గిల్టు కిరీటాలే గుర్తొస్తాయి.

నేను 1990లో కొత్తకోడలిగా వచ్చేనాటికి ఇంటికీ ఇంటికీ మధ్య ముళ్లకంపలుండేవి. చీకటి పడితే ఆటోవాళ్లు ఇటు రానంటే రాననేవాళ్లు. సికింద్రాబాదు వెళ్లటాన్ని ‘పట్నం వెళ్లొస్తాం’ అనేవాళ్లం. ఇప్పుడు మా వీధిలో పెరడు మిగిలిన ఇళ్లు మూడు. ఒక్కొక్కటే ‘డెవలప్‌మెంట్‌’కి వెళ్లిపోయి, పాత ఇల్లున్న చోట అయిదంతస్తులు లేస్తున్నాయి. ఆ మూడింట్లో మాదొకటి. పోయినేడు మా ఇంటి వంతూ వచ్చింది.

మా పెరట్లో కరివేపాకు చెట్టు మా అత్తగారి చేతిది. ఆవిడ పుట్టిల్లు కాకినాడ. 1986లో ఈ ఇంట్లో గృహప్రవేశమయ్యాక పుట్టింటి నుంచి డాల్డా డబ్బాలో పిలక పెట్టుకుని, రాత్రంతా రైల్లో ఒళ్లో పెట్టుకు తెచ్చారు. ఇప్పుడది డాబా ఎత్తు దాటింది. వీధిలో పది పన్నెండిళ్ల పోపులు దానిమీదే సాగుతాయి. బిల్డరు గారి మనుషులు టేపుతో కొలుచుకుంటూ వచ్చి, సరిగ్గా ఆ చెట్టున్న మూల నీళ్ల సంపు అన్నారు. మా వారు సరేనన్నారు. నేనూ తలూపాను. నిజం దాచుకోవటమెందుకు, కొత్త ఫ్లాట్లో మాడ్యులర్ కిచెన్ మీదే ఉంది అప్పుడు నా ధ్యాసంతా. ఎనభై దాటిన అత్తగారిని అడగాలని మాలో ఎవరికీ తోచలేదు.

అదే వారం మా మనవరాలికి బడిలో ఆకుల పుస్తకం తయారుచెయ్యమన్నారు. ఇంట్లో దొరికే పది రకాల ఆకులు ఆరబెట్టి, అంటించి, కింద శాస్త్రీయ నామం రాయాలి. మా వీధి చివర ఉద్యోగ విరమణ చేసిన బోటనీ మేడం గారున్నారు. ఆవిడ దగ్గరికి తీసుకెళ్లాను. కరివేపాకు దగ్గరికొచ్చేసరికి ఆవిడ కలం ఆపి, ‘‘ముర్రయా కోనిగీ. మన పాఠ్యపుస్తకాల్లో ఇలాగే ఉంటుంది. ఇప్పటి శాస్త్రజ్ఞులు మళ్లీ పాత పేరుకే వెళ్లి బెర్గెరా కోనిగీ అంటున్నారు. ముందు మాట మారినా వెనక మాట మారలేదు చూడండి. కోనిగీ అంటే కోనిగ్ గారిది అని. ఆయన పోయింది మన కాకినాడలోనే’’ అన్నారు. నాకు ఒళ్లు ఝల్లుమంది. చెట్టు వచ్చిందీ కాకినాడ నుంచే కదా!

యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ పుట్టింది 1728లో, ఇప్పటి లాత్వియా దేశం ఉన్న ప్రాంతంలో. వైద్యమూ, వృక్షశాస్త్రమూ రెండూ చదువుకున్నాడు. స్వీడన్‌లో ఉప్సాలా అనే ఊళ్లో కార్ల్ లినేయస్ అనే మహాపండితుడి దగ్గర శిష్యరికం చేశాడు. ప్రపంచంలో ప్రతి మొక్కకీ, జంతువుకీ రెండు మాటల పేరు పెట్టే పద్ధతిని స్థిరపరిచిన పెద్దాయనే ఈ లినేయస్. (మా మనవరాలు ‘ఉప్సాలా’ని ‘ఉప్పల్లో’ అని విని, ‘‘అయితే మెట్రోలో వెళ్లొచ్చా?’’ అంది!) తర్వాత కోనిగ్ డెన్మార్కు చేరాడు. అక్కడ అయిదో ఫ్రెడరిక్ రాజు తన రాజ్యంలోని మొక్కలన్నిటికీ బొమ్మలు వేయించి అచ్చొత్తించే పెద్ద పని పెట్టుకున్నాడు. ‘ఫ్లోరా డానికా’ అని దాని పేరు. మొదటి భాగం 1761లో వచ్చింది. పూర్తయ్యేసరికి 1883 అయింది. మొత్తం 3,240 బొమ్మలు. మొదలుపెట్టిన రాజు తర్వాత ఎందరో రాజులు మారారు, పని మాత్రం ఆగలేదు. అప్పట్లో డెన్మార్కు ఏలుబడిలోనే ఉన్న ఐస్‌లాండ్ దీవికి వెళ్లి మొక్కలు వెతికే పని కోనిగ్‌కి పడింది. 1764, 65 సంవత్సరాల్లో ఆ మంచుదీవి తిరిగొచ్చాడు. ఆ తర్వాతే మన వైపు ప్రయాణం.

డెన్మార్కు వాళ్లకి మన దేశంతో పనేమిటి అనిపిస్తుంది. ఇంగ్లీషువాళ్లు, ఫ్రెంచివాళ్లు అంటే మనకి తెలుసు గానీ వీళ్ల మాట ఎక్కడా వినం. తమిళనాట సముద్రపు ఒడ్డున తరంగంబాడి అనే చిన్న ఊరుంది. 1620 నుంచి 1845లో ఇంగ్లీషువాళ్లకి అమ్మేసేదాకా ఆ ఊరు డెన్మార్కు వాళ్లదే. వాళ్లకి దాన్ని ఇచ్చింది ఎవరనుకున్నారు? తంజావూరు ఏలిన రఘునాథ నాయకుడు, మన తెలుగు రాజు, తెలుగు కవి. రామభద్రాంబ, మధురవాణి లాంటి విదుషీమణులకి ఆస్థానంలో గౌరవం ఇచ్చినవాడు. ఆయన డెన్మార్కు రాజుకి బంగారు రేకు మీద రాయించి పంపిన లేఖ ఇప్పటికీ కోపెన్‌హాగెన్‌లో భద్రంగా ఉంది. తర్వాత నాలుగో ఫ్రెడరిక్ రాజు పంపిన క్రైస్తవ మత ప్రచారకులు 1706లో ఆ తరంగంబాడి చేరారు. ఆ మిషన్‌కే 1719లో వచ్చిన బెంజమిన్ షుల్జ్ అనే ఆయన మద్రాసు చేరి తెలుగు నేర్చుకుని, తిరిగి జర్మనీ వెళ్లాక హాలే పట్టణంలో 1746-47లలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలు అవే. మనం ఇవాళ వారపత్రిక చదువుకుంటున్నామంటే ఆ వరసలో మొదటి మెట్టు అదన్నమాట.

ఇక కోనిగ్. తరంగంబాడి మిషన్‌కి వైద్యుడిగా 1767లో ఓడెక్కి 1768లో దిగాడు.

ఈ 1768 సంవత్సరాన్ని గుర్తుపెట్టుకోండి. డెన్మార్కు ఉప్పు తిన్న ఇద్దరు వైద్యులు ఆ ఏడు చెరో దారి పట్టారు. ఒకాయన మన తీరంలో ఓడ దిగాడు. రెండో ఆయన రాజుగారి బండెక్కి తిన్నగా అంతఃపురంలోకి వెళ్లాడు. ఆ రెండో ఆయన కథ మేడం గారు చెప్పగా వినొచ్చి, ఓ మధ్యాహ్నం అత్తగారి పక్కన కూర్చుని కరివేపాకు దూస్తూ ఆవిడకి చెప్పాను. మీకూ అలాగే చెబుతాను.

ఒక్క చిక్కుంది. డెన్మార్కు రాజులకి పేర్లు రెండే, క్రిస్టియన్, ఫ్రెడరిక్. తండ్రి క్రిస్టియన్ అయితే కొడుకు ఫ్రెడరిక్, మళ్లీ మనవడు క్రిస్టియన్. ‘‘మనలాగే తాత పేరు మనవడికి పెట్టుకుంటారన్నమాట’’ అన్నారు అత్తగారు, ఇక ఆవిడకి తికమక రాలేదు.

అయిదో ఫ్రెడరిక్ 1766 జనవరిలో పోయాడు. కొడుకు ఏడో క్రిస్టియన్ గద్దెనెక్కాడు. అప్పటికి అతనికి పదిహేడు కూడా నిండలేదు. మనిషికి మతి స్థిమితం లేదు. ఆ సంగతి బయటికి పొక్కకుండా అదే ఏడు పెళ్లి చేసేశారు. పిల్ల ఇంగ్లండు రాజు మూడో జార్జికి ఆఖరి చెల్లెలు కరోలిన్ మటిల్డా. తండ్రి పోయిన తర్వాత పుట్టిన పిల్ల. పెళ్లినాటికి పదిహేనేళ్లు. పెళ్లికొడుకు లేకుండానే లండన్‌లో ఒక తంతు జరిపించి ఓడెక్కించారు. వెంట వచ్చిన ఇంగ్లీషు దాసీజనాన్ని ఆల్టోనా ఊళ్లో సరిహద్దు దగ్గరే వెనక్కి పంపేశారు. కొత్త భాష, కొత్త మనుషులు, భార్య ముఖం చూడటానికి ఇష్టపడని మొగుడు.

‘‘నాకూ పదిహేనే’’ అన్నారు అత్తగారు. ఆకు దూస్తున్న చెయ్యి ఆగలేదు. ‘‘కానీ మీ మావగారు మంచివారు. చెప్పు, ఆ తర్వాత?’’

1768 జనవరిలో కొడుకు పుట్టాడు. ఆ ఏడే రాజు దేశాలు తిరగటానికి బయల్దేరుతూ వెంట ఒక వైద్యుడిని పెట్టుకున్నాడు. యోహాన్ ఫ్రెడరిక్ స్ట్రూన్‌సే, ఆల్టోనా ఊరి జర్మన్ డాక్టరు. రాజు పిచ్చి కోపాలు ఆయన మాటకి కాస్త అణిగేవి. తిరిగొచ్చాక కొలువులోనే ఉండిపోయాడు. 1769లో రాణికి జబ్బు చేస్తే ఆయన్నే పిలిచారు. నాలుగు గోడల మధ్య కూర్చోవటమే నీ జబ్బమ్మా, గుర్రపు స్వారీ చెయ్యి, గాలిలో తిరుగు అన్నాడట. రాణి మగవాళ్లలా దుస్తులు వేసుకుని గుర్రం మీద వీధుల్లో తిరుగుతుంటే ఊరంతా ముక్కున వేలేసుకుంది. 1770లో చిన్న యువరాజుకి అమ్మవారు పొయ్యకుండా టీకా వేయించాడు. కన్నబిడ్డని కాపాడిన మనిషి మీద ఆ పిల్లకి మనసు పడింది. తప్పో ఒప్పో, మీరే చెప్పుకోండి.

అంతటితో ఆగలేదు ఆ డాక్టరు. మతిలేని రాజు చేత సంతకాలు పెట్టిస్తూ తనే రాజ్యం నడిపాడు. పదహారు నెలల్లో వెయ్యికి పైగా ఉత్తర్వులు! నేరం ఒప్పుకోమని చిత్రహింస పెట్టటం రద్దు. పుస్తకాల మీద, పత్రికల మీద ప్రభుత్వపు కత్తెర రద్దు. మేడం గారు ఇక్కడ ఆయన్ని తెగ మెచ్చుకున్నారు. నాకు మాత్రం పిచ్చివాడి చేత సంతకం పెట్టించుకున్న మంచి కూడా కాస్త అనుమానంగానే ఉంటుంది. 1771 జూలైలో రాణికి కూతురు పుట్టింది. ఆ పిల్ల తండ్రి ఎవరో కోపెన్‌హాగెన్‌లో చంటిపిల్లలకి కూడా తెలుసు.

ఇప్పుడు అత్తగారి ప్రవేశం. సొంత అత్తగారు కాదు, రాజుకి సవతి తల్లి యూలియానే మరీ. 1772 జనవరిలో కోటలో ముసుగులు వేసుకుని నాట్యమాడే వేడుక జరిగింది. ఆ రాత్రి అందరూ అలిసి పడుకున్నాక, తెల్లవారుజామున సవతి తల్లీ, ఆవిడ మనుషులూ రాజుని నిద్రలేపి ఆజ్ఞాపత్రాల మీద సంతకాలు పెట్టించారు. మళ్లీ అదే విద్య, చూశారా! చేతులు మారాయంతే. డాక్టరుని పట్టుకెళ్లారు. రాణిని, చంకలో చంటిపిల్లతో, సముద్రపు ఒడ్డునున్న క్రోన్‌బోర్గ్ కోటలో పెట్టారు. ఏప్రిల్ 28న డాక్టరుకి మొదట కుడిచెయ్యి, తర్వాత తల నరికారు. ముప్ఫై నాలుగేళ్లు.

రాణికి విడాకులిప్పించారు. అన్నగారు ఇంగ్లండు నుంచి ఓడలు పంపాడు. పంపింది పుట్టింటికి తీసుకురావటానికి కాదు, జర్మనీలో తన ఏలుబడిలో ఉన్న త్సెల్లె అనే ఊరి కోటలో దించటానికి. నాకు ఆ పిచ్చి మొగుడి మీద కోపం రాదు గానీ ఈ అన్నగారి మీద వస్తుంది. పది నెలల కూతురిని క్రోన్‌బోర్గ్‌లోనే విడిచి ఓడెక్కింది కరోలిన్.

‘‘మళ్లీ పిల్లల్ని చూసిందా?’’ అన్నారు అత్తగారు.

‘‘లేదండీ. మూడేళ్లకి విషజ్వరం వచ్చి అక్కడే పోయింది. 1775 మే 10న. ఇరవై మూడేళ్లు.’’

ఆవిడ దూసిన ఆకంతా చేటలో ఓ పక్కకి పోగుచేశారు. చాలాసేపటికి, ‘‘కూరలో కరివేపాకు’’ అన్నారు. ఎవర్ని అన్నారో నేను అడగలేదు.

ఆవిడ మెళ్లోని గొలుసూ, చేతి గాజులూ అమ్మి ఈ రెండువందల గజాలు కొన్నారని మా ఇంట్లో అందరికీ తెలుసు. కాగితాలు మాత్రం ముందు మామగారి పేర, తర్వాత మా వారి పేర. బిల్డరుతో ఒప్పందం రాసుకునే రోజు ఆవిడ వంటింట్లో అందరికీ కాఫీలు కలిపారు. ఆ మధ్యాహ్నం నాకు అది గుర్తొచ్చి గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది.

సవతి తల్లి సంగతి మిగిలింది కదూ. కరోలిన్ పోవటానికి సరిగ్గా తొమ్మిది రోజుల ముందు, 1775 మే 1న, కోపెన్‌హాగెన్‌లో యూలియానే మరీ అండతో ఒక పింగాణీ కర్మాగారం పెట్టారు. ఒకదాని కింద ఒకటి మూడు నీలం అలల గుర్తు వేస్తారు, ఆ దేశంలోని మూడు జలసంధులకి గుర్తుగా. గొప్ప ఇళ్లలో షోకేసుల్లో పెట్టుకునే ‘రాయల్ కోపెన్‌హాగెన్’ సామాను అదే. కోడలి బతుకు అలా చేసిన చెయ్యే అంత అందమైన పళ్లేలు చేయించింది. మనుషులు ఒక్క రంగులో ఉండరు.

ఆ కోడలి కొడుకు ఫ్రెడరిక్ పదహారేళ్లకే, 1784లో, నాయనమ్మ మనుషుల్ని పక్కకి తప్పించి తండ్రి పేరు మీద తనే పాలన చేపట్టాడు. 1788లో రైతుల్ని పుట్టిన భూమికి కట్టిపడేసే చట్టాన్ని ఎత్తేశారు. ఆయన హయాంలోనే 1790లో ఆ పింగాణీ కర్మాగారంలో ఒక విందు సామాను మొదలుపెట్టారు. కోనిగ్ ఐస్‌లాండ్ వెళ్లొచ్చింది ఏ పుస్తకం కోసమో, ఆ ఫ్లోరా డానికా బొమ్మల్ని పళ్లేల మీదకి ఎక్కించటం! రష్యా మహారాణి కేథరిన్‌కి కానుకగా అనుకున్నారంటారు. ఆవిడ 1796లో పోయినా పని ఆపలేదు. 1802లో ఆపేనాటికి 1,802 వస్తువులు. పువ్వులంటే గులాబీలు, తామరలు అనుకునేరు. మన పెరట్లో పీకి పారేసే గడ్డిలాంటివి, నాచు, పుట్టగొడుగులు కూడా వేళ్లతో సహా! ఒక్క చిత్రకారుడే దాదాపు అంతా వేశాడు. ప్రతి పళ్లెం వెనకా ఆ మొక్క లాటిన్ పేరు రాసి ఉంటుంది. అన్నం తింటూ పళ్లెం తిరగేసి చదువుకోవాలేమో!

తరంగంబాడిలో కోనిగ్‌కి మిషన్ జీతం చాలేది కాదు. మొక్కల కోసం తిరగాలంటే ఖర్చవుతుంది మరి. 1774లో ఆర్కాటు నవాబు కొలువులో చేరాడు. 1778 నుంచి ఇంగ్లీషు కంపెనీలో. మద్రాసు వెనక కొండలు, సింహళం, సయాం, మలక్కా, అన్నీ తిరిగాడు. దొరికిన ప్రతి కొత్త మొక్కనీ ఎండబెట్టి గురువుగారికి, స్నేహితులకి పంపేవాడు. అలా చేరినవాటిలో మన కరివేపాకు ఒకటి. 1771లో లినేయస్ తన పుస్తకంలో దాన్ని చేర్చి శిష్యుడి పేరు తగిలించాడు. చూడండి, 1771. కోపెన్‌హాగెన్‌లో ఒక డాక్టరు పేరు అందరి నోళ్లలో నానుతున్న ఏడాదే, ఉప్సాలాలో ఇంకో డాక్టరు పేరు కరివేపాకు పక్కన చేరింది. అన్నట్టు పేరులో వేప ఉన్నా కరివేపాకుది వేప కుటుంబం కాదట, నిమ్మ కుటుంబం. నిమ్మచెట్టు మీద కనిపించే ఆకుపచ్చ గొంగళిపురుగులే దీని లేతాకులకీ పడతాయి. మనకి తెలిసిన విషయమే, కారణం ఇప్పుడు తెలిసింది.

చివరి రోజుల్లో ఆయన మన ఆంధ్ర తీరానే ఉన్నాడు. విశాఖపట్నంలో పాట్రిక్ రస్సెల్ అనే డాక్టరు ఉండేవాడు. మన పాముల మీద పుస్తకం రాసి, కటుకరేకులపొడ లాంటి తెలుగు పేర్లు అలాగే అచ్చు వేయించినవాడు. ఆ పాముకి ఇంగ్లీషులో ఆయన పేరే పెట్టారు. సామర్లకోటలో విలియం రాక్స్‌బరో అనే ఇంకో డాక్టరు. సామర్లకోటలో తోట వేసి, మిరియాలు, కాఫీ లాంటివి పెంచి చూస్తూ, మన చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించి తెలుగు పేర్లతో సహా రాసుకున్నాడు. కలకత్తా ప్రయాణం పెట్టుకున్న కోనిగ్ దారిలో రస్సెల్‌ని కలిశాడు. జిగట విరేచనాలు పట్టుకున్నాయి. రాక్స్‌బరో వైద్యం చేశాడు. తగ్గలేదు. 1785 జూన్ 26న కాకినాడ జగన్నాథపురంలో ప్రాణం పోయింది. యాభై ఆరేళ్లు. పదిహేడేళ్లపాటు రాసుకున్న కాగితాలన్నీ లండన్‌లో జోసెఫ్ బ్యాంక్స్ అనే పండితుడికి చెందేలా చెప్పి పోయాడు.

ఇది చెప్పినప్పుడు అత్తగారు మంచం మీద లేచి కూర్చున్నారు. ‘‘జగన్నాథపురమా! ఉప్పుటేరు వంతెన దిగగానే మా పిన్ని వాళ్లిల్లు. ఈ పిలక తెచ్చింది వాళ్ల పెరట్లోంచే కదుటే!’’ అన్నారు. పుట్టింటి పేరు వింటే ఎనభై ఏళ్ల ముఖం కూడా ఎలా వెలుగుతుందో మీకు చెప్పాలా?

ఆ రాత్రి ఒప్పందం కాగితాలు తెచ్చి మొదటి పేజీ నుంచి చివరి దాకా ఆవిడకి చదివి వినిపించాను. మా వారు ‘‘ఇప్పుడెందుకు ఇదంతా?’’ అన్నారు. అత్తగారు మధ్యలో రెండు చోట్ల ఆపి, మళ్లీ చదవమన్నారు. మర్నాడు బిల్డరు మనిషి వచ్చినప్పుడు నేనే అడిగాను. చెట్టు ఉన్నది బిల్డింగు చుట్టూ ఎటూ వదలాల్సిన ఖాళీలో. స్తంభమూ రాదు, గోడా రాదు. సంపు మాత్రం ఇంకో పక్కకి జరగాలి. ‘‘చూద్దామమ్మా’’ అన్నాడు. ‘‘చూడటం కాదు బాబూ, కాగితం మీద రాయండి’’ అన్నాను. ఇంకా రాయలేదు. రాసేదాకా సామాను సర్దనని మా వారికి చెప్పేశాను.

నమ్మకం మీద ఊరుకోలేదు లెండి. చెట్టు మొదట్లో వేళ్ల మీంచి లేచిన పిలకల్ని వేరు తెగకుండా మట్టితో సహా పెకలించి నాలుగు పెయింటు బకెట్లలో పెట్టాం. మీ ఇంట్లో పిలకలు లేకపోతే గింజలతో వెయ్యండి. కాయలు నల్లగా పండాక పైగుజ్జు కడిగేసి వెంటనే నాటాలి, దాచిపెడితే మొలవవు. ఒక బకెట్టు బోటనీ మేడం గారికి ఇచ్చాం. ఒకటి ఉప్పల్లో మా ఆడపడుచు బాల్కనీకి వెళ్లింది. రెండు మా గేటు పక్కన ఉన్నాయి.

అత్తగారికి ‘కోనిగ్’ నోరు తిరగలేదు. ‘‘ఏవిటన్నావే ఆ డాక్టరు పేరు, కోనయ్యా?’’ అన్నారొకసారి. అంతే, అదే స్థిరపడిపోయింది. మొన్న పొద్దున్న పక్కవీధి కొత్తావిడ గిన్నె పట్టుకుని ఆకు కోసం వచ్చింది. అత్తగారు వరండాలోంచే కేకేశారు. ‘‘పైకొమ్మ జోలికి పోకమ్మా, కోనయ్యకి నెప్పెడుతుంది. కిందది కోసుకో!’’

ఆవిడ అటూ ఇటూ చూసి, లోపల ఇంకెవరో పెద్దాయన ఉన్నారనుకుని, కొంగు సర్దుకుని మరీ కోసుకుంది.